బతికున్నట్టు ఆధారం ఏది?

ఆమె ఒక మనిషిని చంపింది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకి, ఎడమ భుజం మీద పిల్లను వేసుకుని, కుడిచేతి బొటనవేలితో. అప్పటికింకా అన్నం కూడా తినలేదు.

చంపడమంటే కత్తులూ కటార్లూ కాదు. ఇంటర్నెట్‌లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. అందులో మనుషుల జీవితచరిత్రలు చూసుకోవడానికి పదమూడు మంది ఒక జట్టుగా ఏర్పడ్డారు. జీతం లేదు, బత్తెం లేదు, ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఉన్నదల్లా ఒక చర్చా పేజీ. ఎవరి జీవితం ఎవరు రాస్తున్నారో అక్కడ ముందే సంతకం పెట్టాలి. లేకపోతే ఒకే మనిషి మీద ఇద్దరు పడి, ఒకరు రాసింది ఇంకొకరు చెరిపి, కట్టెల పొయ్యి దగ్గర తోడికోడళ్లలా తయారవుతారు.

ఆ జట్టులో ఆమె పేరు ‘పగటినిద్ర’. పగలు నిద్రపోయేది ఆమె కాదు, ఏడాదిన్నర కూతురు. పిల్ల ఒంటిగంటకు పడుకుని రెండున్నరకు లేచేది. ఆ గంటన్నరే ఆమెకు ఆఫీసు. పదో తరగతి సగంలో అమ్మ మంచాన పడితే పుస్తకాలు అటక మీద పెట్టి గరిటె పట్టుకున్న మనిషి. ఇన్నేళ్లకి ఎవరో అడగందే వచ్చి, ‘పగటినిద్ర గారూ, ఈ వాక్యం ఒకసారి చూస్తారా’ అంటుంటే ఆమెకు ఒళ్లు పులకరించిపోయేది. ఆ ‘గారు’ కోసం ఎన్ని వందల జీవితాలైనా దిద్దడానికి సిద్ధంగా ఉండేది.

జట్టుకు ప్రతి గురువారం ఒక పని ఉండేది. దాని పేరు ‘బతికున్నవాళ్ల జాబితా’. బతికున్నవాళ్ల గురించి తప్పు రాస్తే పాపమూ, గొడవా రెండూ చుట్టుకుంటాయి గనక, వాళ్లు ఉన్నారో లేదో ఎప్పటికప్పుడు చూసుకోవాలి. అక్షరాలు పంచుకున్నారు. ‘మ’ నుంచి ‘ర’ దాకా ఆమె వంతు. పనికి తగిన మనిషే. పిల్ల పడుకుంటే పావుగంటకొకసారి ముక్కు కింద వేలు పెట్టి చూసేది. ఒంట్లో వేడి చూడ్డానికి ఇంట్లో మూడు థర్మామీటర్లు ఉన్నాయి. ఒకటి తప్పు చెబితే రెండోది, రెండూ తప్పు చెబితే మూడోది. అంతటి అనుమానప్పక్షి, తన అక్షరాల్లో ఉన్న ఒక నిండు మనిషిని మాత్రం ఒక్క థర్మామీటరూ పెట్టకుండా పంపించేసింది.

ఆ మనిషి ఒక ఈతగత్తె. యాభై ఏళ్ల కిందట పదకొండు గంటలపాటు సముద్రాన్ని ఈది అవతలి ఒడ్డుకు చేరిన ఆవిడ. ఆ వ్యాసం మొదలుపెట్టిందే ఈమె. ఆ రోజు పేపర్లో చివరి పేజీ చావు ప్రకటనల్లో అదే పేరు, అదే డెబ్బయి నాలుగేళ్ల వయసు కనబడ్డాయి. కింద ‘క్రీడలంటే ప్రాణం’ అని కూడా ఉంది. ఇంకేం కావాలి? (ఆ పోయినావిడ ఆడింది క్యారమ్స్ అని తర్వాత తెలిసింది.) ఆమెకు కళ్లు చెమర్చాయి. మరణించిన తేదీ కొట్టింది. అంతటితో ఊరుకుంటే ఆమె ఆమె ఎలా అవుతుంది? చివర ఒక వాక్యం కూడా చేర్చింది: ‘నీళ్లను నమ్ముకుని బతికిన మనిషి నేల మీద కన్నుమూసింది.’ రాసి, రెండుసార్లు చదువుకుని, అబ్బ ఎంత బాగా వచ్చిందో అనుకుంది. ఈలోగా, ఆ రోజు పడుకోనని మొరాయించి భుజమెక్కిన పిల్ల కెవ్వుమంది. ఆధారంగా పేపరు పేరు తర్వాత చేర్చొచ్చులే అనుకుని, ‘ఇది చిన్న సవరణ’ అన్న గడిలో అలవాటుగా టిక్కు కొట్టి, భద్రపరిచేసింది. చిన్న సవరణలు జట్టులో ఎవరూ తెరిచి చూడరు. ఆ ‘తర్వాత’ రాలేదు.

శనివారం ఒక పెద్ద పేపర్లో ఈతగత్తె గురించి అరపేజీ నివాళి వచ్చింది. ఆఖరి వాక్యం: ‘నీళ్లను నమ్ముకుని బతికిన మనిషి నేల మీద కన్నుమూసింది.’

అక్షరం పొల్లు పోలేదు. నిజానికి అప్పుడే ఆమెకు గుండె ఝల్లుమనాలి. ఝల్లుమంది గానీ సంతోషంతో. పదో తరగతి పాసవని, ఆ మాటకొస్తే పరీక్షే రాయని మనిషి వాక్యం పెద్ద పేపర్లో! కత్తెర తెచ్చి ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంది. ఆ మర్నాడు జట్టులో ‘కామా’ అనే ఆయన, కామాలు సరిచేస్తూ తిరుగుతూ ఉంటాడు గనక ఆ పేరు, ఈతగత్తె మరణానికి ఆధారం లేకపోవడం చూసి, ఎంతో శ్రద్ధగా ఆ పేపరు నివాళినే ఏడో నంబరు ఆధారంగా చేర్చాడు. అలా ఆమె చెప్పిన అబద్ధం ఊరంతా తిరిగి, స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, నిజమై ఇంటికొచ్చింది.

అదే వారం ఇంకొకటి జరిగింది. జట్టుకు పెద్దదిక్కు ఒక రిటైరైన లైబ్రేరియన్. ఆయన పగటినిద్ర గారిని నిర్వాహకురాలిగా ఎన్నుకుందామని ప్రతిపాదించాడు. నిర్వాహకురాలంటే తగవులు తీర్చొచ్చు, పేజీలకు తాళం వేయొచ్చు, తీయొచ్చు. గెలవడానికి ఎనిమిది ఓట్లు కావాలి. మూడు రోజుల్లో తొమ్మిది పడ్డాయి. ‘విద్యాధికురాలు, నిదానస్తురాలు’ అని రాశాడు లైబ్రేరియన్. ఆమె లెక్చరరని జట్టంతా నమ్మకం. ఎప్పుడో ఒకసారి ‘పరీక్షల వల్ల రాలేకపోయాను’ అని రాసింది. అవి పిల్ల రక్తపరీక్షలు. వాళ్లు కాలేజీ పరీక్షలనుకున్నారు. ఆమె కాదనలేదు. కాదనడానికి నోరు పెగల్లేదంటే బాగుంటుంది గానీ, నిజం చెప్పాలంటే మనసు రాలేదు.

మంగళవారం ఈతగత్తె వ్యాసం చర్చా పేజీలో ఎవరో సంతకం లేకుండా రాశారు: ‘నేను బతికే ఉన్నాను.’

కామా జవాబిచ్చాడు: ‘ఆధారం ఉంటే చూపండి. వాక్యం చివర సంతకం చేయండి.’

‘నేనే ఆధారం.’

‘వ్యక్తులు తమ గురించి తాము చెప్పుకున్నది ఆధారం కాదు. నియమావళి చూడండి. మరణానికి పేపరు ఆధారం ఉంది. మీరు బతికున్నట్టు అచ్చులో ఎక్కడైనా వచ్చిందా?’

‘బతికున్నట్టు ఎవరికైనా అచ్చులో వస్తుందా నాయనా?’

కామా ఆ మూడో మాటను ఆకతాయి పని కింద చెరిపేశాడు. చెరిపే ముందు అలవాటు చొప్పున ‘వస్తుందా’ తర్వాత ఒక కామా పెట్టాడు.

గురువారం పిల్ల పడుకున్నాక ఆమె ఇదంతా చదివింది. చెరిపేసిన మాటలు కూడా పేజీ చరిత్రలో ఉంటాయి. వాటి కింద ఒక ఫోన్ నంబరుంది. ఆమె ఒకటికి మూడుసార్లు తప్పు నొక్కి, నాలుగోసారికి సరిగ్గా నొక్కింది.

“ఎవరూ?” అంది అవతల ఒక గరుకు గొంతు.

“అమ్మా, మీరు... అప్పుడు సముద్రం ఈదిన...”

“ఈదినావిణ్ణే. పూలకొట్టు నుంచా? ఇంక పూలు పంపకండమ్మా, ఇంట్లో పెట్టుకోడానికి చోటు లేదు. పొద్దున ఒకావిడ వచ్చి నన్నే పట్టుకుని ఏడ్చింది, ఎన్నింటికి పోయారండీ అని.”

“పూలకొట్టు కాదండీ. నేను ఆ... విజ్ఞాన సర్వస్వం...”

“ఓహో, నువ్వు వాళ్ల మనిషివా! ఎవరమ్మా ఆ పగటినిద్ర? వాడే కదా నన్ను చంపింది? పేరు చూడు! పగలు నిద్దరోయేవాడికి మనుషుల చావుబతుకులు అప్పజెబితే ఇలా కాక ఇంకెలా అవుతుంది?”

“అవునండీ” అంది ఆమె. ఆ ‘అవునండీ’ తర్వాత ‘ఆ పగటినిద్రని నేనే’ అన్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడే కూలబడింది. “మీకు... చాలా ఇబ్బందైందా అండీ?”

“ఇబ్బందా? రోజూ పొద్దున్నే కొలనుకి పోతాను. ఇరవై రెండేళ్లుగా అక్కడ నాకో అలమర ఉంది. దానికి తాళం మార్చేశారు. కౌంటర్లో కూచునే ఆయన్ని అడిగితే, మీరు పోయారని పేపర్లో వచ్చిందండీ, పై ఆఫీసువాళ్లు సభ్యత్వం తీసేశారు అన్నాడు. నేనేనయ్యా అంటే, మీరు ఆవిడ చెల్లెలైతే కొత్త ఫారం నింపండి అన్నాడు. కొత్తవాళ్లకి ఎనిమిది నెలల వరస ఉందట.”

“మరి ఆ గుర్తింపు కార్డూ అవీ చూపించలేదా అండీ?”

“చూపించా. కార్డు మీద మీరు బతికున్నారని లేదు కదండీ, పుట్టారనే ఉంది అన్నాడు. ఆ ఇంటర్నెట్ పేజీలో మార్పించుకు రండి, అది చూపిస్తే పై ఆఫీసుకు పంపిస్తా అన్నాడు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయమ్మా. నేల మీద పది అడుగులు వెయ్యలేను. నీళ్లలో అయితే గంట ఉంటాను. ఎనిమిది నెలలు నన్ను ఒడ్డున కూచోబెడితే మీ పేపరు రాసింది నిజమైపోతుంది.”

ఫోన్ పెట్టేసి ఆమె నేల మీద చతికిలబడింది. ఎదురుగా అత్తగారు కింది అంతస్తు దర్జీ ఇచ్చిన చొక్కాలకి గుండీలు కుడుతోంది. సూదిలో దారం ఎక్కిస్తూనే చెవి ఇటు వేసి అంతా విన్నది.

“ఎవర్నే చంపావు?”

“ఒక పెద్దావిణ్ణి అత్తయ్యా.”

“కూర మాడ్చావంటే నమ్ముతాను. బొద్దింకను చూసి కుర్చీ ఎక్కేదానివి, నువ్వు మనిషిని చంపడమేంటే?”

ఆమె అంతా చెప్పింది. అత్తగారు ఒక గుండీ కుట్టి, దారం పంటితో కొరికింది.

“మరి చెప్పెయ్యి. నా పొరపాటు, తీసెయ్యండని.”

“చెబితే ఓట్లు పోతాయి.”

“పోతే? ఏం, అదేమైనా మంత్రి పదవా? కారిస్తారా?”

“కాదు. ‘గారు’ అంటారు.”

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఆ మాత్రం నేననలేనా? గారూ, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి గారూ.”

నిజంగానే పొంగుతున్నాయి. ఆమె పరిగెత్తింది.

పొయ్యి తుడిచి వచ్చి రాయడానికి కూచుంది. మొదటిసారి, ‘సాంకేతిక కారణాల వల్ల ఒక చిన్న పొరపాటు జరిగినట్టు తెలుస్తోంది’ అని రాసింది. పైకి చదివింది.

“వాన కురిసినట్టు చెబుతావేంటే, తనంత తానే జరిగిందా?” అంది అత్తగారు తలెత్తకుండా.

చెరిపి మళ్లీ రాసింది. ‘ఈతగత్తె గారి మరణం తేదీ చేర్చింది నేను. పేరు చూసి పొరబడ్డాను. ఆధారం ఇవ్వలేదు. పేపరు నా వ్యాసం చూసి రాసింది. కాబట్టి ఏడో ఆధారం ఆధారం కాదు, నా తప్పుకి నకలు. వ్యాసం చరిత్రలో నేను రాసిన సమయం చూడండి, పేపరు తేదీ చూడండి. చివరి వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు. నేను సొంతంగా కల్పించింది. ఆవిడ బతికే ఉన్నారు. ఇప్పుడే మాట్లాడాను.’ కళ్లు మూసుకుని భద్రపరిచేసింది. పిల్ల లేచింది.

తిట్లు వస్తాయనుకుంది. శుక్రవారం మధ్యాహ్నం చూస్తే తిట్లు లేవు. లైబ్రేరియన్ రాసిన జవాబుంది, తిట్టినా బాగుండేది.

‘పగటినిద్ర గారూ, మీరు కంగారు పడకండి. మీవంటి లెక్చరరు ఆధారం లేకుండా ఒక మనిషిని చంపారంటే ఈ జట్టులో ఎవరూ నమ్మరు. మీ ఖాతాలోకి ఎవరో దూరి ఇదంతా రాస్తున్నారని మా అనుమానం. ఆ గురువారం సవరణా, నిన్నటి ఒప్పుకోలూ రెండూ ఆ దొంగవే అయ్యుంటాయి. పాస్‌వర్డ్ మార్చుకోండి. విచారణ ముగిసేదాకా, అంటే నెల రోజులు, ఆ వ్యాసానికి తాళం వేస్తున్నాను. మీ ఓట్లకు ఢోకా లేదు.’

కింద కామా: ‘నేనూ అదే అనుకున్నాను. దొంగ రాసిన ఒప్పుకోలులో కామాలు తక్కువగా ఉన్నాయి.’

ఆమె ఆ జవాబును రెండోసారి చదివింది. దొడ్డిదారి కాదు, రాచబాట. ఒక్క మాట కూడా అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. దొంగ మీదకి పోతుంది. దొంగ అనేవాడు లేడు గనక వాడికేం నష్టం లేదు. రేపు మధ్యాహ్నానికి నిర్వాహకురాలు అవుతుంది. అయ్యాక తనే తాళం తీసి ఆవిణ్ణి బతికించొచ్చు కదా? ఎంత న్యాయంగా ఉంది! ఇలాంటి న్యాయాలు దొరికినప్పుడల్లా తనకు తాను భలే తెలివిగలదానిలా కనిపించడం ఆమెకు కొత్త కాదు. ఎంతసేపటికీ దొరకనిదల్లా, విచారణ ముగిసేదాకా ఆ తాళం తియ్యనివ్వకపోతే, నెల రోజులు ఒడ్డున కూచునే ఆ మోకాళ్లకు ఏం జవాబు చెప్పాలో అన్నదే.

“ఏమన్నారు?” అంది అత్తగారు.

“నమ్మలేదు. అంత చదువుకున్న మనిషి ఇలా చెయ్యదంటున్నారు.”

“ఎవరా చదువుకున్న మనిషి?”

“నేనే.”

అత్తగారు సూది చొక్కాలో గుచ్చి పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ముందు మెల్లిగా, తర్వాత భుజాలు అదిరేలా, ఆఖరికి కొంగు నోట్లో కుక్కుకుని. పిల్ల ఎక్కడ లేస్తుందోనని ఆమె కంగారుపడింది గానీ, ఆ నవ్వు చూసి తనకే నవ్వొచ్చింది. కాస్త ఏడుపు కూడా వచ్చింది, రెండూ ఒకే దారిలో.

“నవ్వకండి అత్తయ్యా. నమ్మించాలంటే చదువు సంగతి చెప్పాలి.”

“చెప్పు మరి. చదువుకోలేదని చెప్పడానికి కూడా సర్టిఫికెట్ కావాలా?”

ఈసారి చిత్తుప్రతి రాయలేదు. రాస్తే దిద్దుతుంది, దిద్దితే అందంగా తయారవుతుంది. ఆమెకు తన అందమైన వాక్యాలంటే ఇప్పుడు భయం పట్టుకుంది.

‘లైబ్రేరియన్ గారూ, దొంగ లేడు. రెండూ నేనే రాశాను. నేను లెక్చరర్ని కాదు. కాలేజీ గేటు లోపలికి కూడా వెళ్లలేదు. పదో తరగతి సగంలో మానేశాను. పరీక్షలంటే మా పాపకి చేయించిన రక్తపరీక్షలు. మీరు పొరబడుతున్నారని తెలిసి కూడా చెప్పలేదు, బాగుంది గనక. ఆ గురువారం ఒక చేతిలో పాప ఉంది, ఒక చేత్తో రాశాను. పేపర్లో నా వాక్యం వస్తే కత్తిరించి దాచుకున్నాను. దొంగ అయితే దాచుకోడు కదా. కామాలు తక్కువుంటే క్షమించండి, అవి ఎక్కడ పెట్టాలో నాకు నిజంగానే తెలీదు, ఊహించి పెడతాను. నన్ను నమ్మకపోతే పోనీ. తాళం మాత్రం ఇవాళే తీయండి. ఆవిడకి మోకాళ్లు బాగాలేవు, నీళ్లలోకి దిగాలి.’

సాయంత్రం మొగుడు బస్సు దిగి డ్యూటీ బట్టలతో ఇంటికొచ్చేసరికి ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. “ఏమైంది?” అన్నాడు వాళ్లమ్మతో. “ఏం లేదురా, ఒకావిణ్ణి చంపి బతికించింది, అలిసిపోయింది” అంది వాళ్లమ్మ. అతను పాపని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లాడు. పెళ్లయ్యాక అతను నేర్చుకున్న మొదటి పాఠం, అర్థం కానప్పుడు పిల్లను ఎత్తుకోవడమే.

శనివారం ఒంటిగంటకు పిల్ల పడుకుంది. ఆమె ఫోన్ తీసింది. మళ్లీ బోర్లా పెట్టింది. చొక్కా మడతలు పెట్టింది. మళ్లీ తీసింది.

ఈతగత్తె వ్యాసానికి తాళం తీసేశారు. మరణం తేదీ లేదు, ఆ అందమైన వాక్యం లేదు, ఏడో ఆధారం లేదు. వయసు డెబ్బయి నాలుగు అని మాత్రం ఉంది. చరిత్రలో లైబ్రేరియన్ సంతకంతో ఒక ముక్క: ‘ఆధారం లేని మరణం చెల్లదు. పునరుద్ధరించడమైనది.’ పేపరు వాళ్లకు జట్టు తరఫున ఉత్తరం కూడా వెళ్లింది. ఆమె ఆ పేజీని ఈతగత్తెకు పంపించి, గంటాగి ఫోన్ చేసింది.

“అందిందమ్మా. ఇప్పుడే కౌంటర్లో చూపించాను. సోమవారం నుంచి రమ్మన్నాడు. అలమర ఇచ్చాడు గానీ దాన్లో ఎవరిదో తడి తువ్వాలు వదిలేశారు, కంపు కొడుతోంది. అవునూ, ఆ పగటినిద్రకి నాలుగు తగిలించారా లేదా?”

“పగటినిద్ర నేనేనండీ. మొన్న చెప్పలేకపోయాను.”

అవతల కొలను దగ్గరేమో, నీళ్ల చప్పుడు వినిపించింది.

“నువ్వా? మొన్న అనలేదేం?”

“భయమేసిందండీ.”

“నిన్ను తిట్టాలని ఈ వారమంతా మంచి మంచి మాటలు పోగేశానమ్మా. అన్నీ మర్చిపోయినట్టున్నాను. గుర్తొచ్చాక చేస్తాను, ఉంటాను” అని పెట్టేసింది.

తర్వాత ఓట్ల పేజీ తెరిచింది. తొమ్మిదిలో నాలుగు కొట్టేసి ఉన్నాయి. కొట్టేసినవాళ్లలో ఒకరు ‘నమ్మకద్రోహం’ అని, ఒకరు ‘బాధగా ఉంది’ అని రాశారు. మిగతా ఇద్దరు ఏమీ రాయలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. కామా ఓటు కొట్టెయ్యలేదు. దాని పక్కన, ‘నిజంగా ఊహించి పెడతారా? పదికి తొమ్మిది సరిగ్గానే పడుతున్నాయి’ అని రాశాడు. లైబ్రేరియన్ ఓటూ ఉంది. పైన ‘విద్యాధికురాలు’ అన్న మాట ఒక్కటీ తీసేసి, ‘నిదానస్తురాలు’ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, మిగతాదంతా అలాగే ఉంచాడు. ఫలితం: ఎన్నిక కాలేదు.

“ఏమైందే?” అంది అత్తగారు.

“ఓడిపోయాను.”

“ఒక్క ఓటూ మిగల్లేదా?”

“అయిదు ఉన్నాయి.”

“వాళ్లు నువ్వు రాసింది చదవలేదేమో.”

“చదివారు. చదివే ఉంచారు.”

“చదువు లేదని తెలిసి కూడానా? ఆవిణ్ణి చంపావని తెలిసి కూడానా?”

“తెలిసే అత్తయ్యా.”

అత్తగారు చొక్కాను వెలుతురుకి ఎత్తిపట్టుకుని, గుండీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకుంటూ, తీరిగ్గా అంది:

“అయితే ఆ అయిదుగురి తెలివీ అంతంత మాత్రమేనన్నమాట. వదులుకోకు వాళ్లని.”